చెక్‌పోస్టులో నోటిబియ్యం

పోయిన వారం చెంచులక్ష్మిని నెల్లూరులో మద్రాసు బస్సెక్కించి వదిలేశాం కదా. ఎందుకు పోతున్నదో మరిచిపోయిన వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

మద్రాసులో కామాక్షమ్మ చనిపోయిందని ముందురోజు సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. మర్నాడు పొద్దు గూకేలోపల మట్టి చేస్తామని కూడా అందులోనే ఉంది. కామాక్షమ్మ చెంచులక్ష్మిని కన్నది కాదు. మగపిల్లవాడని పేరు పెట్టి పెంచుతున్న ఇంట్లో చీర కట్టుకున్నందుకు తన్నులు తిని, పదిహేనేళ్ళ వయసులో రోడ్డున పడిన బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, చెంచులక్ష్మి అని పిలిచి, అన్నం పెట్టినది. ఆమెదీ అదే పుట్టుక. తోటపల్లి గూడూరులో, కయ్యలూ పశువులూ ఉన్న ఇంట పద్మనాభయ్యగా పుట్టి, ఆ పేరునూ ఆ ఇంటినీ వదులుకుని కామాక్షమ్మగా బతికింది, కామాక్షమ్మగానే పోయింది.

ఆ కబురు చెప్పడానికి తెల్లవారుతూనే చెంచులక్ష్మి తోటపల్లి గూడూరు వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ బిడ్డ పేరెత్తని కామాక్షమ్మ తల్లి వెంకటశేషమ్మ, కొడుకులు చూడకుండా పెరటి గుమ్మంలోకి వచ్చి, ఇంట్లో దంచిన బియ్యం గుప్పెడు, పాత గుడ్డపేలికలో మూట కట్టి ఇచ్చింది. పోయిన మనిషిని మట్టి చేసే ముందు అయినవాళ్ళు నోట్లో నాలుగు గింజలు వేస్తారే, ఆ బియ్యం. "నేను రాలేను తల్లీ. నా చెయ్యే అనుకోని నువ్వు వెయ్యి" అంది. ఆ బియ్యాన్ని దారిలో నేల మీద పెట్టకూడదు. నలుగురి చేతులూ తగలకూడదు. అందుకని చెంచులక్ష్మి ఆ మూటను చీర లోపల నడుముకు కట్టుకుని బస్సెక్కింది.

ఇదీ సంగతి. ఇక బస్సు నాయుడుపేట దాటింది.

దాటి మూడు మైళ్ళు పోయిందో లేదో ఆగింది. రోడ్డుకు అడ్డంగా సర్వీమాను దూలం, దూలం పక్కన తాటాకు పాక, పాక ముందు ఇనప తక్కెడ. ఆ ఏడు వానలు లేక బియ్యం కరువొచ్చింది. మన బియ్యం మద్రాసు రాష్ట్రంలోకి పోకూడదని సర్కారు వారు దారి పొడుగునా చెక్‌పోస్టులు పెట్టించారు. పెట్టిస్తే మాత్రం జనం ఊరుకుంటారా? గుడ్డతో పొడుగాటి సంచులు కుట్టి, బియ్యం నింపి, ఒంటికి చుట్టుకుని బస్సెక్కేవాళ్ళు. చూస్తే నిండు చూలాలు, తడిమితే రెండు కుంచాల బియ్యం. అందుకే అక్కడ మగవాళ్ళను రోడ్డు మీదే వరుసగా నిలబెట్టి చొక్కాలు విప్పించి, పంచెలు దులిపించేవాళ్ళు. ఆడవాళ్ళకు వేరే తడికెల గది. అందులో రెబెక్కమ్మ అనే ఆమెను పెట్టారు.

"దిగండి దిగండి. ఆడోళ్ళు ఎడంపక్కకి, మొగోళ్ళు కుడిపక్కకి. బిరీన కానీండి" అన్నాడు కండక్టరు హజరత్తయ్య. చెంచులక్ష్మి నెల్లూరులో పప్పు రుబ్బే హోటల్లోనే అతను రోజూ ఇడ్లీ తినేది. ఆమె ఎవరో అతనికి తెలుసు. ఆమె దిగుతుంటే కొంచెం పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఆడోళ్ళ వరసలోనే పో. నువ్వు మాత్రం నోరెత్తబాక."

చెంచులక్ష్మి తలూపింది. ఆమె అందం చందం అన్నీ ఆడమనిషివే గానీ, గొంతు ఒక్కటి మాట వినేది కాదు. ఆ గొంతు వల్ల ఎన్ని చోట్ల ఎన్ని మాటలు పడిందో లెక్క లేదు. అందుకే బస్సులో ముగ్గురాడవాళ్ళ మధ్య కూర్చుని నాయుడుపేట దాకా ఒక్క మాట మాట్లాడకుండా వచ్చింది. తెల్లచీర, బోడి చేతులు, బొట్టులేని మొహం చూసి, పాపం ఏ కష్టంలో ఉందో అని వాళ్ళూ పలకరించలేదు. పెంచిన గురువు పోతే కూతురి వరసవాళ్ళు గాజులు పగలగొట్టుకుని తెల్లచీర కట్టడం కామాక్షమ్మ వాళ్ళ ఆచారం. ఆ ముందురాత్రే చెంచులక్ష్మి ఆ పని చేసుకుంది.

సరే, ఆమె వంతు వచ్చింది. తడిక తోసుకుని లోపలికి పోయింది.

లోపల రెబెక్కమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆమెదీ తెల్లచీరే. బిట్రగుంట రైలు షెడ్డులో పనిచేసే భర్త పోయాక, మిషను దొరసానమ్మలు చెప్పిపెడితే ఈ పని దొరికింది. చేతిలో తాటాకు విసనకర్ర. అది విసురుకోవడానికి కాదు. ఆడబిడ్డల ఒంటి మీద చెయ్యి వెయ్యడం ఆమెకు ఇష్టం లేదు. విసనకర్ర తిరగేసి, కాడతో భుజాల మీదా, వీపు మీదా, నడుం చుట్టూ మెల్లగా తట్టేది. ఉత్త గుడ్డ మీద తడితే ఒక చప్పుడు, ఒళ్ళయితే ఒక చప్పుడు, గుడ్డ కింద బియ్యముంటే ఇంకో చప్పుడు. ఏడాదిగా ఆమె చెవి ఒక్కసారీ తప్పలేదట.

చెంచులక్ష్మిని చూడగానే రెబెక్కమ్మ విసనకర్ర పక్కన పెట్టేసి లేచి నిలబడింది.

"వందనాలక్కా. రాండి, కూచోండి. ఏ సంఘం మీది?"

చెంచులక్ష్మికి అర్థం కాలేదు. రెబెక్కమ్మ తప్పు కూడా ఏముంది చెప్పండి. ఆ రోజుల్లో నెల్లూరు పక్క మిషను వాళ్ళ బైబిల్ స్త్రీలని ఉండేవాళ్ళు. తెల్లచీర కట్టుకుని, మెడలో చేతుల్లో ఏమీ లేకుండా, ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాళ్ళు. ఈమెను చూసి అట్లాంటి మనిషే అనుకుంది.

"మీయట్టా దేవుని పని మీద తిరిగేవాళ్ళని నేను చూడను. ఊరికే రవ్వంతసేపు కూచోని పొండి" అని తన పీట ముందుకు జరిపింది.

చెంచులక్ష్మికి ప్రాణం లేచి వచ్చింది. తలూపి కూర్చుంటే చాలు. ఒక్క క్షణం ఓపిక పడితే బస్సు, బస్సెక్కితే మద్రాసు.

రెబెక్కమ్మ కింద చాప మీద కూలబడి చీర కొంగు తల మీదికి లాక్కుంది. "అక్కా, దేవుడే మిమ్మల్ని పంపించినాడు. మా కరుణాకుమారికి మూడు కాన్పులు పొయినాయి. ఇప్పుడు నెలలు నిండినాయి. నొప్పులొస్తా ఉండాయని పొద్దున ఆస్పత్రిలో చేర్చి వచ్చినా. నేనిక్కడ జనాల నడుములు చూస్తా ఉండా. నా బిడ్డ కోసం ఒక్కమాట ప్రార్థన చెయ్యండక్కా" అని కళ్ళు మూసుకుంది.

కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఎదురుచూస్తూ ఉంది.

చెంచులక్ష్మి ఆ మొహం వంక చూసింది. పిల్లలు పుట్టిన ఇళ్ళకు పోయి దీవించడం ఆమెకు కొత్త కాదు. నెల్లూరులో ఎన్ని ఇళ్ళవాళ్ళు పిలిచి పసిగుడ్డును ఒళ్ళో పెట్టలేదు. తెల్లవాళ్ళ దేవుడి మాటలు రావుగానీ, మంచిమాట చెప్పడానికి దేవుడితో పనేముంది, ఏదో గొణిగి లేచిపోవచ్చు. లేచిపోవచ్చుగానీ, ఆ తల్లి అడిగింది తనను కాదు. వేరే ఎవరినో అనుకుని అడిగింది. ఎవరి పేరు మీదో దొంగతనంగా ఇచ్చిన దీవెన ఆ కడుపును కాస్తుందా? నాలుగో బిడ్డ కూడా పోతే?

"అమ్మా, కళ్ళు తెరువు" అంది చెంచులక్ష్మి.

ఆ గొంతు విని రెబెక్కమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"నేను నువ్వనుకున్న మనిషిని కాను. బైబులు తెలవదు నాకు. మొగబిడ్డనని పేరు పెట్టినారు, నేను ఆడదాన్నయినాను. నన్ను పెంచినామె పొయ్యింది, అందుకని తెల్లచీర కట్టినా. నువ్వు బిడ్డ కోసం అడగతా ఉంటే, నీకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

రెబెక్కమ్మ వెనక్కి జరిగింది. ఈలోగా తడిక బయట వరసలో ఉన్నవాళ్ళకు గొంతు వినబడనే వినబడింది.

"లోపల మొగోడుండాడే."

"ఏందమ్మా అది, ఆడోళ్ళ గదిలోకి మొగోడు యాడ పొయినాడు?"

"నా పక్కనే కూచోని వచ్చింది, నాకు తెలవనే తెలవలా" అంది బస్సులో పక్కసీటామె, ఒళ్ళు దులుపుకుంటూ.

చెక్‌పోస్టు అధికారి రమణయ్య అక్కడికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదుగానీ, ఏ పనైనా కాగితంలో ఉన్నట్టు జరగాలి, జరగకపోతే ఊపిరాడదు. "ఎవరది? బయటికి రా" అన్నాడు. చెంచులక్ష్మి బయటికి వచ్చింది. రమణయ్య ఆమెను పైనుంచి కిందికి చూశాడు. వరసలో చొక్కాలు లేకుండా నిలబడిన మగవాళ్ళూ చూశారు.

"కొజ్జాదిరా" అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

"మొగోళ్ళ వరసలో నిలబడు" అన్నాడు రమణయ్య.

"నిలబడతా సామీ. ఎండలో నిలబడమన్నా నిలబడతా. నా చీర మీద మాత్రం మొగోళ్ళ చెయ్యి పడనియ్యను."

"ఇక్కడ మొగోళ్ళందరూ విప్పినారు, కనబళ్ళా? నీకో రూలు, వాళ్ళకో రూలా?"

"వాళ్ళు చొక్కా ఇప్పినారు. నన్ను ఇప్పమనేది చొక్కా కాదే." చెంచులక్ష్మి చేతులు జోడించింది. "మా అమ్మని పొద్దు గూకేలోపల మట్టి చేస్తారు సామీ. మొహం చూసుకోవాల. నీకు దణ్ణం పెడతా, నన్ను పోనీ."

"మొగోళ్ళలో చూస్తే వద్దంటావు. ఆడోళ్ళ గదిలో పెడితే వాళ్ళు ఒప్పుకోరు. ఎవరూ చూడకుండా వదిలితే రేపు నా ఉద్యోగం పోతుంది. నువ్వే చెప్పు, నిన్నేం చెయ్యమంటావు?" అన్నాడు రమణయ్య. నిజంగానే తెలియక అడిగినట్టే ఉంది ఆ అడగడం.

"సార్, ఒంటిగంట దాటింది. ఇంకా అరవై మైళ్ళుండాది" అన్నాడు హజరత్తయ్య బస్సు మెట్టు మీంచి.

అప్పుడు తడిక పక్కకు తోసి రెబెక్కమ్మ బయటికి వచ్చింది. చేతిలో విసనకర్ర ఉంది.

"నేను చూస్తానయ్యా."

"నువ్వు ఆడోళ్ళకి రెబెక్కమ్మా."

"ఈమె కూడా నా కాడికే వచ్చింది గదా. అబద్ధం చెప్పుంటే నేనే లేచి దణ్ణం పెట్టి పంపించేదాన్ని. మీకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. నిజం చెప్పినందుకు రోడ్డు మీద ఇప్పించేదా? మీ పుస్తకంలో నా పేరు రాసుకోండి. నేను చూస్తా." వరసలోని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీరు రవ్వంత అవతల నిలబడండమ్మా. ఆమె పొయినాకే మిమ్మల్ని పిలుస్తా."

రమణయ్య సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. తన మీద నుంచి బరువు దిగితే ఎవరికైనా మంచిదే.

తడికె లోపల ఇద్దరూ మళ్ళీ ఎదురుబొదురుగా నిలబడ్డారు. రెబెక్కమ్మ విసనకర్ర తిరగేసింది. భుజాలు తట్టింది. వీపు తట్టింది. అందరినీ తట్టినట్టే, ఎక్కువా కాదు తక్కువా కాదు. తన ఒంటిని అంత మర్యాదగా ముట్టుకున్నవాళ్ళు కామాక్షమ్మ తర్వాత ఈమే అనిపించి చెంచులక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కాడ నడుము దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకోసారి తట్టింది.

"బియ్యం" అంది రెబెక్కమ్మ. ఆమె మొహం మాడిపోయింది. "నీ కోసరం నా పేరు రాయమన్నానే."

"అమ్ముకునేదానికి కాదమ్మా, గుప్పెడే." చెంచులక్ష్మి మూట విప్పకుండానే చూపించి, తన పేరూ వెంకటశేషమ్మ సంగతీ నాలుగు మాటల్లో చెప్పింది. పెరటి గుమ్మం, పాత గుడ్డ, నా చెయ్యే అనుకోమన్న మాట.

రెబెక్కమ్మ విసనకర్ర కిందికి దించింది. వాళ్ళలో నోట్లో బియ్యం వెయ్యరు, గుప్పెడు మట్టి వేస్తారు. అయితే మాత్రం, కన్నబిడ్డ దగ్గరికి పోలేక ఇంకొకరి చేతిలో తన చెయ్యి పెట్టి పంపించిన తల్లి ఎట్లా ఉంటుందో, ఆ పొద్దున ఆస్పత్రి నుంచి ఇక్కడికి వచ్చిన మనిషికి ఒకరు చెప్పాలా?

"దాచనమ్మే. దాస్తే ఇద్దరం చెడతాం. రా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "అయ్యా, ఉండాయి. గుప్పెడు. నోట్లో వేసే బియ్యం."

"ఒంటికి కట్టుకొచ్చినవి గుప్పెడైనా గంపెడైనా ఒకటే. తక్కెట్లో వెయ్యి, రాసుకుంటా" అని రమణయ్య పుస్తకం తెరిచాడు. సగం మాట రాశాక చెయ్యి ఆగింది. "ఏ బియ్యం?"

"చచ్చిపొయినామె నోట్లో వేసే బియ్యం. తల్లి పంపించినవి."

తక్కెడ దగ్గరున్న బంట్రోతు రాళ్ళు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను తుయ్యను సార్. మా ఇంటిల్లిపాదీ తినే బియ్యం ఈ తక్కెడతోనే తూచుకుంటాం. దీంట్లో అయ్యి వెయ్యబాకండి."

"నువ్వు మూట విప్పు" అన్నాడు రమణయ్య ఇంకొకడితో. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

శవానికని తీసిన బియ్యాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఏ గోడౌన్లో పెడతారు? జప్తు చేసిన బియ్యం సాయంత్రానికి నాయుడుపేట చౌకదుకాణానికి పోతుంది, మర్నాడు జనం తింటారు. రమణయ్య పుస్తకంలో ఆ బియ్యానికి గడి లేదు. తనే లేచి ముట్టుకుందామంటే, ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు. రాసిన సగం మాటనూ కొట్టేసి, కుర్చీ పదడుగుల అవతలికి జరిపించుకున్నాడు.

"తీసుకొనిపో. ఇటుపక్కకి మాత్రం రాబాక."

చెంచులక్ష్మి రెబెక్కమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, బస్సు వైపు పరుగు తీసింది. మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఆమె ఎక్కితే మేం దిగిపోతాం" అన్నారు లోపల్నుంచి.

పెళ్ళిచీరలు కొనడానికి మద్రాసు పోతున్న ఇంటివాళ్ళు వాళ్ళు. ముందు సీట్లో పసుపు బట్టలో చుట్టిన కొబ్బరికాయ పెట్టుకుని కూర్చున్నారు. అంతా విన్నారు. ఒక్క బస్సు కాదు, చెక్‌పోస్టు చెక్‌పోస్టంతా వినింది.

"శుభమా అని పోతా ఉంటే శవం బియ్యం పక్కన కూచోని పోవాల్నా?"

"అమ్మా, ఆమె ఇందాకట్నుంచీ మీతోనే గదా వచ్చింది. అప్పుడు లేనిది ఇప్పుడేంది?" అన్నాడు హజరత్తయ్య.

"అప్పుడు తెలవదు గదయ్యా."

"టాపు మీద కూచోబెడతా."

"మా నెత్తి మీదనా?"

హజరత్తయ్య అందరినీ బతిమాలాడు, కసురుకున్నాడు, మళ్ళీ బతిమాలాడు. డ్రైవరు హారను కొట్టాడు. చివరికి హజరత్తయ్య కిందికి దిగి, ఆమె సంచి తెచ్చి చేతికిచ్చి, మొహం చూడలేక నేల చూశాడు. "క్షమించక్కా. బస్సు నాది కాదే." దూలం లేచింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు నాలుగింటికి.

నాలుగింటికి ఎక్కితే మద్రాసు చేరేసరికి చీకటి పడుతుంది. కామాక్షమ్మ మీద మట్టి పడిపోయి ఉంటుంది. చెంచులక్ష్మి రోడ్డు పక్క మైలురాయిని ఆనుకుని నిలబడింది. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

బస్సు వెనకాలే వచ్చి ఆగిన లారీ ఒకటుంది. ఇంటి కప్పంత ఎత్తున వరిగడ్డి. డ్రైవరు పొగాకు నములుతూ, జరిగిందంతా సీటు మీంచే చూశాడు. కిందికి దిగి, టైర్లు చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మే, మదరాసేనా? నా పక్కన కూచో. అయిదింటికంతా దించతా."

చెంచులక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "నిజంగానా అన్నా?"

"నిజమే. ఆ మూట మాత్రం లోపల దాచబాక. ఒళ్ళో పెట్టుకోని కూచో, అందురికీ కనబడాల. ఆ కుర్చీలో ఆయప్ప నా లారీ చుట్టుపక్కలకి రాడు."

ఆమె గడ్డి వైపు చూసింది. పైన ఎండుగడ్డి గాలికి ఊగుతూ ఉంది. కింద చక్రాలు మాత్రం ఉత్త గడ్డికి కుంగేదానికన్నా ఎక్కువే కుంగి ఉన్నాయి. "గడ్డి కింద ఏముండాది?"

"గడ్డి కింద గడ్డే అనుకో. నీకు మీయమ్మ మొహం కావాల, నాకు ఆ దూలం లేయాల. అడగబాకు, నేనూ చెప్పను. ఎక్కతావా, లేదా? పొద్దు నీ కోసరం ఆగదు."

పొద్దు అప్పటికే పడమటికి తిరిగింది. మద్రాసులో కామాక్షమ్మను ఈపాటికి నీళ్ళు పోసి కూర్చోబెట్టి ఉంటారు. చెంచులక్ష్మి ఎక్కింది.

డ్రైవరు అనుకున్నట్టే జరిగింది. ఆమె ఒళ్ళోని మూటను చూడగానే బంట్రోతులు దూలం అవతలే నిలబడిపోయారు. రమణయ్య కుర్చీలోంచి లేవలేదు. అక్కడి నుంచే కేకేశాడు. "రెబెక్కమ్మా, నిన్ను నమ్ముతాం, ఆ లారీ సంగతి నువ్వే చూసి చెప్పు. నువ్వు బాగుందంటే దూలం ఎత్తిస్తా."

రెబెక్కమ్మ వచ్చింది. లారీ చుట్టూ తిరగలేదు. గడ్డిని తట్టలేదు. నేరుగా చెంచులక్ష్మి కూర్చున్న వైపుకు వచ్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఇంత గడ్డిలోకి నా విసనకర్ర పోదు. ఇందాక నువ్వు నాకు అబద్ధం చెప్పలా. ఇప్పుడూ నువ్వేం చెప్తే అదే ఆయనకి చెప్తా, నా పేరు మీద రాయిస్తా. చెప్పు చెంచులక్ష్మీ, దీంట్లో ఏముండాది?"

పక్కన డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.